నార్వే లెక్కలు, మా అత్తగారి పుంజీలు

నలభై దాటాక కొత్త భాషలో ఒకట్లు నేర్చుకుంటావు అని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నాకు నార్వే భాషలో ఒకటి నుంచి వంద దాకా వచ్చు. డెబ్బై దాటిన మా అత్తగారికి అరవై దాకా వచ్చు. ఆవిడ అరవై దగ్గరే ఎందుకు ఆగారో తర్వాత చెప్తాను.

మా మరిది స్టావాంగర్‌లో ఉంటాడు. నార్వేలో నైరుతి మూలన, సముద్రం ఒడ్డున ఉన్న చమురు కంపెనీల ఊరు అది. ఉద్దానం పిల్లలకి దూరం పోవడం కొత్త కాదు. అండమాన్ అని, గల్ఫ్ అని, ఓడల్లో పని అని ఇంటికొకరు బయటే ఉంటారు. మావాడు చదువుకుని ఇంకాస్త దూరం పోయాడు, అంతే. తోటికోడలు మరాఠీ పిల్ల. మంచి పిల్ల. ఇంట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషు. వాళ్ళ కొడుక్కి అయిదేళ్ళు. వాడు పొద్దస్తమానం ఉండేది బార్నెహాగెలో. మన అంగన్‌వాడీ, ఎల్‌కేజీ లాంటిదే. ఆ మాటకి 'పిల్లల తోట' అని అర్థమట. ఉద్దానం అన్నా ఉద్యానమే కదా. వాడూ తోటలోనే పెరుగుతున్నాడు, మా అత్తగారూ తోటలోనే పెరిగారు. కానీ ఇద్దరికీ కలిసే మాట ఒక్కటీ లేదు.

ప్రతి శనివారం వీడియో కాల్. "బాగున్నావా నాన్నా?" "బాగున్నా." "తిన్నావా?" "తిన్నా." వాడి తెలుగు అక్కడితో సరి. తర్వాత వాడు బొమ్మ కారు చూపిస్తాడు, ఈవిడ తల ఊపుతారు. నిమిషం గడిచేసరికి ఫోను మరిది చేతికి వెళ్ళిపోయేది. కాల్ అయిపోయాక కూడా మా అత్తగారు ఆ నల్లటి తెరకేసి కాసేపు చూస్తూ ఉండేవారు. "ఏటో అమ్మా, నా మనవడే గాని నా నోటికి అందడు" అన్నారొకసారి.

ఆవిడకి లెక్కలు కొత్త కాదు. పెళ్ళయి వజ్రపుకొత్తూరు వైపు ఊరికి వచ్చిన దగ్గర్నుంచి కొబ్బరికాయల లెక్క ఆవిడదే. చేతికి రెండేసి చొప్పున రెండు చేతులా తీసి కుప్ప వేస్తే అది ఒక పుంజీ. పుంజీ అంటే నాలుగు. ఇరవై అయిదు పుంజీలైతే వంద. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, 'లాభం' అంటారు. లాభం, రెండు, మూడు... అలా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా తీరం మీదే ఒడ్డు దాటింది. తెల్లారి తోటలోకి వెళ్ళి వచ్చిన ఆవిడని ఎన్ని చెట్లు పడ్డాయని అడిగితే, "ఆరు పుంజీలు నిలబడ్డాయి" అన్నారు. పడినవి ఎన్నో ఆవిడ నోటివెంట ఈనాటికీ వినలేదు.

ఇప్పుడు ఆవిడ లెక్కలు వేరు. ఉద్దానం పేరు వింటే బయటివాళ్ళకి కొబ్బరీ జీడీ కంటే ముందు కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో చూసినా ఆ ఇళ్ళు ఉన్నాయి. ఎందరు పరిశోధకులు వచ్చి వెళ్ళినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. మా ఇల్లూ వాటిలో ఒకటయింది. మొదట్లో టెక్కలి తీసుకెళ్ళేవాళ్ళం. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి. తర్వాత ప్రయాణం బాధ తగ్గింది, కాశీబుగ్గలో మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి వస్తాం. వారానికి మూడు సార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. వెళ్ళగానే బరువు, వచ్చేటప్పుడు బరువు. మధ్యలో తగ్గిన కిలోలన్నీ ఒంట్లో చేరిన నీళ్ళే. కాబట్టి నీళ్ళూ లెక్కే. టీ, మజ్జిగ, చారుతో కలిపి రోజుకి నాలుగు చిన్న గ్లాసులు. "పుంజీ నీళ్ళు" అంటారావిడ. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కాబట్టి చుక్క కూడా తాగకూడదు. జీవితమంతా కొబ్బరికాయలు లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు కాయ కొట్టి మాకిచ్చి, తను పక్కన కూర్చుంటారు.

ఒక శనివారం కాల్ మాట్లాడుతుండగానే తోట నుంచి కాయలు వచ్చాయి. ఆవిడ ఫోను గోడకి ఆనించి లెక్క మొదలుపెట్టారు. అవతల వాడు చూస్తున్నాడు. కాయ కాయకీ వాడూ ఏదో అంటున్నాడు. ఏన్, తూ, త్రే, ఫీరె, ఫెమ్... ఆవిడ ఆగి, "ఏటంటన్నాడు?" అన్నారు. "లెక్కపెడుతున్నాడమ్మా" అన్నాడు మా మరిది. ఆవిడ ఇంకో కాయ ఎత్తి పట్టుకున్నారు. "సెక్స్" అన్నాడు వాడు. ఇంకోటి. "షూ." ఇంకోటి. "ఒట్టె." ఆ రోజు ఫోను ఇరవై నిమిషాల దాకా మరిది చేతికి వెళ్ళలేదు.

అలా మొదలైంది. నేను కాగితం మీద తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఏన్, తూ, త్రే, ఫీరె, ఫెమ్, సెక్స్, షూ, ఒట్టె, నీ, తీ. గుర్తు పెట్టుకోవడానికి ఆవిడ దారులు ఆవిడవి. ఎనిమిదికి ఒట్టు పెట్టుకోవాలి, తొమ్మిది నీది, పది తీసుకో. ఆరు దగ్గరికి వచ్చేసరికి నేను గొంతు తగ్గించేదాన్ని. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు కాబట్టి వరండాలో కూర్చుని వీధి చివరికి వినబడేలా అనేవారు. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

ఇంకో సంగతి ఆవిడే పట్టారు. బీఏ తెలుగు చదివిన నాకు తట్టలేదు. ఉద్దానంలో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది. కాయలు కొనే షావుకార్లతో బేరానికి ఆవిడకి ఒడియా లెక్క వచ్చు. "ఒలమ్మ, ఇది ఒడియా లెక్కలాగే ఉన్నాదే" అన్నారు. నిజమే. ఒడియాలో మూడు తిని, ఎనిమిది ఆఠొ. సంస్కృతంలో త్రి, అష్ట, నవ. అక్కడ త్రే, ఒట్టె, నీ. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి, సంస్కృతమూ గ్రీకూ లాటినూ ఒకే తల్లి పిల్లలై ఉండాలని చెప్పాడని కాలేజీలో చదువుకున్నాం. నార్వే భాషదీ ఆ కుటుంబమే. మన తెలుగుది ఆ కుటుంబం కాదని, తమిళ కన్నడాలతో చుట్టరికమని ఎల్లిస్ దొర 1816లో రాశాడు. పరీక్షకి బట్టీ పట్టిన ఆ రెండు తేదీలూ ఇన్నేళ్ళకి కొబ్బరికాయల కుప్ప దగ్గర పనికొచ్చాయి. ఎంత చిత్రమో చూడండి, నార్వేవాళ్ళ 'త్రే' మన పక్కింటి ఒడియావాళ్ళకి చుట్టం, మనకి కాదు.

ఇరవై దగ్గర ఇద్దరం ఇరుక్కున్నాం. ఏడు 'షూ', ఇరవై 'శూయె'. మొదటి అక్షరంలోనే తేడా. చిన్నప్పుడు మాస్టారు శ, ష, స మూడూ వేరువేరుగా పలికించేవారు. నాలుక తాలువుకి దగ్గరగా పెడితే శ, వెనక్కి మడిస్తే ష. అది ఇక్కడ అక్షరాలా పనికొచ్చింది. మా అత్తగారికి మాత్రం మూడూ సకారాలే. సనివారం, సంకరుడు, సూ, సూయె. వాడు పడి పడి నవ్వేవాడు. అయితే అక్కడి కుర్రకారు కూడా ఆ రెండు ధ్వనుల్నీ కలిపేస్తున్నారని పెద్దవాళ్ళు గొణుగుతారట. మా మరిది చెప్తే ఆవిడకి ధైర్యం వచ్చింది. "సూడు, ఆళ్ళకే రాదట" అన్నారు.

ఏడు సంగతి ఇంకా ఉంది. మనవైపు ఇంట్లో లెక్కపెట్టేటప్పుడు పెద్దవాళ్ళు 'ఏడు' అనరు. అందులో ఏడుపు ఉందని 'ఆరున్నొకటి' అంటారు. మా అత్తగారు ఆస్పత్రిలో ఏడో మంచం ఇస్తే, "ఆరున్నొకటో మంచం" అనే చెప్తారు. నార్వేలోనూ ఏడుకి రెండు పేర్లున్నాయి. పిల్లలు బడిలో నేర్చుకునేది షూ. పాతకాలం వాళ్ళు చాలామంది 'సీవ్' అంటారు. మా మరిది పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉంది. ఆవిడకి ఎప్పుడూ సీవే. ఈ మాట చెప్పగానే మా అత్తగారు, "ఆళ్ళకీ ఏడుపేటి?" అని అడిగారు. కాదు, వాళ్ళది వేరే కథ.

పూర్వం నార్వేలో ఇరవై అయిదుని 'ఫెమ్ ఒ తీవె' అనేవారు. అంటే అయిదూ ఇరవై. చిన్న అంకె ముందు, పదులు వెనక. మన సంస్కృతంలోనూ అంతే, పంచవింశతి అంటాం కదా. టెలిఫోన్లు పెరిగాక దీంతో తంటా వచ్చింది. నంబరు చెప్పేవాళ్ళు 'అయిదూ ఇరవై' అంటే వినేవాళ్ళు అయిదు ముందు రాసేసుకుని తికమక పడేవారు. టెలిఫోన్ శాఖ మొర పెట్టుకుంటే పార్లమెంటు ఒప్పుకుంది. 1951 జూలై 1 నుంచి బడుల్లో, రేడియోలో, ఆఫీసుల్లో కొత్త లెక్క. ఇరవై అయిదు 'శూయెఫెమ్' అయింది. తీవె పోయి శూయె వచ్చింది, సీవ్ పోయి షూ వచ్చింది. ఒక దేశం కూడబలుక్కుని లెక్కపెట్టే తీరు మార్చుకుంది! మార్చుకున్నాక వచ్చిన వరస అచ్చంగా మనదే, ముందు ఇరవై, తర్వాత అయిదు. మనకి ఏ పార్లమెంటూ చెప్పక్కర్లేకపోయింది. అయితే సర్కారు చెప్పినంత మాత్రాన నాలుక వింటుందా? డెబ్బై ఏళ్ళు దాటినా పాత లెక్క ఇంకా వినబడుతూనే ఉంది. పక్కింటి పెద్దావిడ ఫోను నంబరు చెప్తే మా మరిది రెండుసార్లు అడిగి రాసుకుంటాడు.

గంటల లెక్క ఇంకా తమాషా. మనం ఆరున్నర అంటాం. ఆరు అయిపోయింది, పైన అర. వాళ్ళు 'హల్ షూ' అంటారు, 'సగం ఏడు' అని. ఏడు వైపు సగం నడిచాం అని లెక్క. వెళ్ళిన కొత్తలో మా మరిదిని ఎవరో సగం ఎనిమిదికి భోజనానికి పిలిస్తే ఎనిమిదిన్నరకి వెళ్ళాడట. గంట నుంచి కూర్చుని ఉన్నారు పాపం. "ఏడు రాకముందే ఏడనీడమేటి, తొందర కాపోతే" అన్నారు మా అత్తగారు.

కానీ అప్పట్నుంచి ఆవిడ ఒక పని చేస్తున్నారు. ఇంట్లో ఏ లెక్కలో ఏడు వచ్చినా షూ అంటున్నారు. గుడ్లు లెక్కపెట్టినా, మాత్రలు లెక్కపెట్టినా. "ఆరున్నొకటి అననీడం కన్నా ఇదే సుఖం. అందులో ఏడుపు లేదు" అంటారు.

ఆవిడ నేర్చుకోవడమే కాదు, వాడికీ నేర్పారు. వాడికి పుంజీ వచ్చు. బొమ్మ కార్లు నాలుగేసి పేర్చి "ఒక పుంజీ, రెండు పుంజీ" అంటాడు. ఆ మాట విని పక్కింటి పెద్దావిడ, తమకీ అలాంటి మాటలుండేవని చెప్పిందట. ఇరవైని ఒక 'స్నేస్' అనేవారు, దుంగలూ పలకలూ పన్నెండేసి లెక్కపెట్టి 'తిల్ఫ్ట్' అనేవారు. చేత్తో సరుకు ఎత్తి లెక్కపెట్టిన వాళ్ళు ఎక్కడైనా ఇలాంటి మాట ఒకటి చేసుకుంటారు కాబోలు. ఇక్కడ పలాస జీడి బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళని అడగండి, 180, 240, 320 అని అంకెలు చెప్తారు. పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. బడి మొహం చూడని వాళ్ళకి కూడా అది నోటికి వచ్చు.

ఇదంతా సంబరంగా మా అమ్మాయికి ఫోన్లో చెప్తున్నాను. విశాఖలో బీటెక్ చదువుతోంది. "నానమ్మకి ఇప్పుడు నలభై ఏడు కూడా వచ్చు నార్వేలో" అన్నాను. "నలభై ఏడంటే ఎంతమ్మా? ఫార్టీ సెవెనా?" అంది.

నేను కాసేపు ఏమీ అనలేకపోయాను. తెలుగు గడ్డ మీద పుట్టి, నాలాంటి తల్లి దగ్గర పెరిగిన పిల్ల. తెలుగు బాగా మాట్లాడుతుంది, సినిమా డైలాగులు నాకంటే బాగా చెప్తుంది. ఇరవై దాటితే మాత్రం ఇంగ్లీషులోకి మార్చుకుంటే గానీ అంకె కంటికి కనబడదు. మీ ఇళ్ళల్లోనూ ఇంతేనేమో చూడండి. అరవై తొమ్మిది, డెబ్బై తొమ్మిది అని అడగండి. కొట్లో బేరం ఇంగ్లీషులో, ఫోను నంబరు ఇంగ్లీషులో, మార్కులు ఇంగ్లీషులో. ఇంక తెలుగు అంకెతో వాళ్ళకి పనెక్కడ పడింది? స్టావాంగర్ పిల్లాడికి తెలుగు రాలేదని బాధపడ్డాం గానీ, ఇక్కడ మన పిల్లల దగ్గర సగం లెక్క ఎప్పుడో జారిపోయింది. ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్లో మా అమ్మాయిని రెండు అంకెలు అడుగుతున్నాను. విసుక్కుంటూనే చెప్తోంది.

మొన్నామధ్య మా వాడు "నాకు రెండు నానమ్మ" అన్నాడు, పుణేలో ఉన్న అమ్మమ్మని కూడా కలుపుకుని. మా అత్తగారు వెంటనే దిద్దారు. "రెండు కాదు నాన్నా, ఇద్దరు. కాయలు రెండు, కార్లు రెండు. మనుషులైతే ఇద్దరు." నార్వేలో ఒకటికి మూడు రూపాలున్నాయి, మన ఒకడు, ఒకతె, ఒకటిలా కొంచెం. కానీ రెండు దాటితే మనిషైనా కారైనా ఒకటే 'తూ'. అందుకని ఇది వాడికి వింతగా తోచింది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని నేర్చుకున్నాడు. "పిల్లి?" అన్నాడు. పిల్లి రెండే. "మరి నా ఎలుగుబంటి?" అన్నాడు, రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ. ఆవిడ కాస్త ఆలోచించి, "దానికి పేరున్నాదా?" అని అడిగారు. ఉందన్నాడు. "అయితే నువ్వూ వాడూ ఇద్దరు" అన్నారు.

అంత బాగా నేర్పిన మనిషి, డయాలసిస్ వరండాలో మాత్రం మనుషుల్ని లెక్కపెట్టరు. ఒకే రోజున వచ్చేవాళ్ళంతా ఒకరికొకరు తెలుసు. ఎవరైనా ఒక వారం కనబడకపోతే ఎవరూ ఎవర్నీ అడగరు. ఒకసారి నేను తెలియక, "ఈరోజు తక్కువమంది వచ్చారేమిటత్తయ్యా" అన్నాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, "కాయల లెక్క ఇంటికాడ చూసుకుందాం" అన్నారు.

ఇక అరవై సంగతి. ఫిబ్రవరి మధ్యలో మా మరిది టిక్కెట్లు తీశానని చెప్పాడు. జూలై మొదటి వారంలో వస్తున్నారు. ఆగస్టులో పిల్లాడు పెద్ద బడిలో చేరాలి, ఈలోపు నెల రోజులు ఇక్కడ. "ఇంకెన్ని వారాలు?" అని అడిగారావిడ. ఇరవై అన్నాడు. వారానికి మూడు చొప్పున ఆవిడే లెక్క కట్టుకున్నారు. అరవై డయాలసిస్‌లు. పదిహేను పుంజీలు. "అరవైని ఆళ్ళేటంతారు?" అని వాణ్ణే అడిగారు. 'సెక్స్తి' అన్నాడు వాడు.

ఆ రోజు నుంచి వెనక్కి లెక్క. ఆస్పత్రి నుంచి వచ్చి మంచం మీద వాలగానే ముందు ఆ రోజు అంకె చెప్తారు, తర్వాతే నీళ్ళు అడుగుతారు. వంద దాకా నేర్పుతానంటే, "నాకెందుకమ్మా, కిందకి దిగేవి వస్తే చాలు" అంటారు. వాడికి కూడా తెలుసు. శనివారం కాల్‌లో వాడి మొదటి మాట ఇప్పుడు "నానమ్మా, ఎన్ని?" అని. వాడి నోట్లో పూర్తి తెలుగు వాక్యంగా వచ్చిన మొదటి ప్రశ్న అదే. ఆవిడ నార్వేలో చెప్తారు, వాడు తెలుగులోకి మార్చాలి. వాడికి ముప్పై తర్వాత నలభై అని ఇంకా రాదు, ముప్పై పది అంటాడు. ఆవిడ దిద్దుతారు. ఆవిడ 'సూ' అంటే వాడు దిద్దుతాడు. నెల రోజులు ఇక్కడే ఉంటాడు కాబట్టి, తోటలో కాయలు దింపించడం వాడు వచ్చేదాకా ఆపమని మా ఆయనకి గట్టిగా చెప్పారు. కాయలు ముదిరిపోతే పోయాయి, లెక్క వాడే పెట్టాలట.

ఈరోజు మంగళవారం. మధ్యాహ్నం ఆటో దిగి లోపలికి వస్తూనే, చెయ్యి నా భుజం మీద ఆనించి, "త్రెట్టినీ" అన్నారు. ముప్పై తొమ్మిది. అంటే తొమ్మిది పుంజీలు, పైన మూడు కాయలు.